కుర్చీలో కుదరని మనిషి

గుమ్మం ఉన్నది దాటడానికి. జాఁ రెన్వార్ 1932లో తీసిన ‘బూడూ సోవే దేజో’ అనే ఫ్రెంచి సినిమాలో బూడూ అనే దేశదిమ్మరి దాన్ని పడకకుర్చీగా వాడుకుంటాడు. ఒక పక్క నిలువుచెక్కకి వీపు ఆనించి, ఎదుటి చెక్కకి కాళ్లు తన్నిపెట్టి, గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుని పనమ్మాయితో తీరిగ్గా కబుర్లు చెబుతాడు. కెమెరా దగ్గరికి పరుగెత్తి ‘చూశారా ఎంత తమాషాగా ఉన్నాడో’ అని వేలెత్తి చూపించదు, ఉన్నచోటే ఉంటుంది. ఆ అమ్మాయి పని ఆ అమ్మాయిది, ఈయన కబుర్లు ఈయనవి. ఇంట్లో కుర్చీలకు కొదవేమీ లేదు. అయితే ఏ కుర్చీ ఎలా కూర్చోమంటుందో అలా కూర్చోవడం బూడూకి చేతకాదు. కాదు, అక్కర్లేదు. మనకి నవ్వు రెండు క్షణాలు ఆలస్యంగా వస్తుంది. వచ్చాక మాత్రం ఆగదు.

ఇల్లు పీకి పందిరేసిన అతిథుల కథలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. వాటికి ఒక అలవాటైన నడక ఉంది. వచ్చినవాడు వస్తువులు పగలగొడతాడు, ఇంటాయన పళ్లు నూరుతాడు, ఇంటావిడ కళ్లు తిరిగి పడిపోతుంది, చివరికి వాడు వెళ్లిపోవడమో, బాగుపడటమో జరిగి తలుపు మూసుకుంటుంది. రెన్వార్ సినిమాలో కూడా ఇవన్నీ ఉన్నట్టే ఉంటాయి. కానీ పట్టించుకుని చూస్తే నవ్వు పుట్టేది అల్లరిలోంచి కాదని తెలుస్తుంది. ఒక ఇల్లు, ఆ ఇంట్లో పట్టని ఒక ఒళ్లు. ఆ రెండింటికీ మధ్య జరిగే పేచీని ఎక్కడ నిలబడి చూడాలో తెలిసిన కెమెరా. పనితనమంతా ఇక్కడుంది.

కథ చెప్పాలంటే నాలుగు మాటలు చాలు. పారిస్‌లో సేన్ నది ఒడ్డున, కే ద కోంతీలో, ఎదువార్ లెస్తాంగ్వా అనే పుస్తకాల వ్యాపారి. కింద కొట్టు, పైన కాపురం. భార్య ఎమ్మా, పనమ్మాయి ఆన్-మరీ. అయ్యగారికీ ఆన్-మరీకీ మధ్య చాటుమాటు వ్యవహారం నడుస్తోంది. ఒకరోజు ఆయన దుర్భిణి పెట్టుకుని వీధిలో పోయే ఆడవాళ్లను చూస్తుంటే ఓ బిచ్చగాడు కంటపడతాడు. చూస్తుండగానే అతను పోఁ దె జార్ వంతెన మీంచి నదిలోకి దూకేస్తాడు. లెస్తాంగ్వా పరుగెత్తి, తనూ దూకి, బయటికి లాగి, ఇంటికి తెచ్చి, తన బట్టలే తొడిగించి ఉండిపొమ్మంటాడు. ఆ గడియ నుంచి కొంపకి శని పట్టిందని ఇంటావిడ అభిప్రాయం. చివరికి లెస్తాంగ్వా దయవల్ల చేతికొచ్చిన లాటరీ టికెట్టుకి లక్ష ఫ్రాంకులు తగిలి, బూడూ ఆన్-మరీని పెళ్లి చేసుకుంటాడు. పెళ్లి పడవ మార్న్ నదిలో బోల్తా కొడుతుంది. అతను తాపీగా వాలుకి కొట్టుకుపోయి, ఒడ్డెక్కి, మళ్లీ దేశదిమ్మరి అయిపోతాడు.

ఈ కథకి మూలం రెనే ఫోష్వా 1919లో రాసిన నాటకం. అందులో కథానాయకుడు వ్యాపారే. బూడూ ఆయన ఔదార్యానికి ఓ పరీక్ష, అంతే. నాటకం ముగిసేసరికి అతను పెళ్లి చేసుకుని దారికొస్తాడు. పారిస్ రంగస్థలం మీద బూడూ వేషం కట్టినవాడు మిషెల్ సిమోన్. ఆ పాత్రని ఒంటికి పట్టించుకుని, సినిమాగా తీయించడానికి నిర్మాణంలో కూడా చేయి వేసినవాడు ఆయనే. సిమోన్ 1895లో జెనీవాలో పుట్టిన స్విస్ మనిషి. నలిగిన ముఖం, ముద్దముద్దగా వచ్చి ఉన్నట్టుండి కీచుమనే గొంతు, ఎటు నడుస్తుందో ముందుగా చెప్పలేని నడక. ‘బూడూ’కి ముందు ఏడాది రెన్వార్ ‘లా షియెన్’లో ఆయన్నే ఓ బెరుకు గుమాస్తాగా చూపించాడు. భార్య పోరు పడుతూ, ఆదివారాలు బొమ్మలేసుకునే ఆ గుమాస్తా సినిమా చివరికి వీధిన పడి బిచ్చగాడవుతాడు. ఆ సినిమా ఆగినచోటే ‘బూడూ’ అందుకుంటుంది. అక్కడ పతనంలా మొదలైనది ఇక్కడికొచ్చేసరికి హాయిగా మారిపోయింది.

ఇంకో సంగతి కూడా గుర్తుచేసుకోవాలి. 1931లో చాప్లిన్ ‘సిటీ లైట్స్’ వచ్చింది. అందులో దేశదిమ్మరి నదిలో దూకబోయిన ధనవంతుణ్ణి కాపాడి ఆ ఇంటికి అతిథిగా వెళతాడు. మరుసటి ఏడాది వచ్చిన రెన్వార్ సినిమాలో ధనవంతుడే దేశదిమ్మరిని కాపాడతాడు. చాప్లిన్ బిచ్చగాడికి మర్యాద ఎక్కువ. చిరుగు కోటుకి కూడా గుండీలు పెట్టుకుంటాడు, టోపీ ఎత్తి నమస్కరిస్తాడు, ఇల్లంటే ఆశపడతాడు. బూడూకి ఇల్లంటే ఆశ లేదు, కోపమూ లేదు. కాపాడినందుకు కృతజ్ఞత అసలే లేదు. చావబోతుంటే లాక్కొచ్చింది నువ్వు, కనుక పోషించాల్సిందీ నువ్వే అన్నట్టుంటుంది వాలకం. ఆలోచిస్తే ఆ తర్కంలో తప్పెక్కడుందో చటుక్కున చెప్పలేం.

సినిమా మొదలే చిత్రంగా ఉంటుంది. నాటకాల అట్ట స్తంభాలు, గీసిన తెర, వాటి మధ్య మేకకాళ్ల వనదేవుడొకడు వనకన్యను తరుముతుంటాడు. ఆ దృశ్యం కరిగి పుస్తకాల కొట్టు అవుతుంది. వనదేవుడు లెస్తాంగ్వా, వనకన్య ఆన్-మరీ. పుస్తకాల మధ్య బతికే మనిషి తన చిల్లర ప్రేమకి గ్రీకు పురాణం తొడుగుతాడన్నమాట. ఈ ఎత్తుగడ సినిమా అంతటా పనిచేస్తుంది. తనే వనదేవుణ్ణనుకునే ఈ పెద్దమనిషి ఇంటికి అసలైన వనదేవుడు వస్తే ఏమవుతుంది? జుట్టు, గడ్డం, కంపు అన్నిటితో సహా? చివర్లో బూడూ తన రొట్టెముక్కని పంచుకునేది ఒక మేకతో. రెన్వార్ ఈ ముడిని ఎక్కడా విప్పి వివరించడు.

ఆ మొదలు తర్వాత పార్కు ఘట్టం. బూడూకి ఓ నల్లకుక్క ఉంది, అది పారిపోతుంది. అడిగితే పోలీసు కసురుకుంటాడు. అంతలో ఓ సొగసుల సీమాటి వచ్చి తన కుక్క తప్పిపోయిందనీ, దాని ఖరీదు పదివేల ఫ్రాంకులనీ చెబుతుంది. వెంటనే పోలీసులతో సహా అందరూ వెతకడానికి కదులుతారు. ఇక్కడే ఓ చిన్నపాప తల్లి చెప్పినట్టు బూడూ చేతిలో అయిదు ఫ్రాంకులు పెడుతుంది, రొట్టె కొనుక్కోమని. కాసేపటికి బూడూ ఓ పెద్దమనిషి కారు తలుపు తీస్తాడు. ఆయన చిల్లర కోసం జేబులు తడుముకుంటాడు, దొరకదు. బూడూ ఆ అయిదు ఫ్రాంకులూ ఆయన చేతిలోనే పెట్టి రొట్టె కొనుక్కోమంటాడు. మరో దర్శకుడైతే ఈ రెండు ముక్కల మీదే సమాజం గురించి ఉపన్యాసం దంచేవాడు. రెన్వార్ ఒక దాని మీద కూడా ఆగడు. దాతగా మారిన బిచ్చగాడి ముఖం దగ్గరగా చూపించడు, పెద్దమనిషి అవమానాన్ని సాగదీయడు. పార్కు బెంచీ మీద పద్యాలు వల్లించుకునే వెర్రికవి ఒకడు కనిపిస్తాడు. అతను రెన్వార్ సహాయకుడు జాక్ బెకెర్, తర్వాతి రోజుల్లో తనే గొప్ప దర్శకుడయ్యాడు.

దుర్భిణి దృశ్యం దగ్గర కొంచెం నిలబడాలి. లెస్తాంగ్వా కిటికీలోంచి చూస్తుంటే మనకి బూడూ దూరాన కనిపిస్తాడు. నిజం పారిస్ వీధి అది. బస్సులు, కార్లు, మనుషులు మధ్యలో అడ్డం వస్తూ పోతూ ఉంటారు. దూరం నుంచి లాగి తీసే లెన్సులో వీధి వెడల్పంతా అణిగిపోయి, బూడూ ఆ రద్దీలో మునుగుతూ తేలుతూ నడుస్తుంటాడు. చుట్టుపక్కల నడిచేవాళ్లకి సినిమా సంగతి తెలిసినట్టుండదు. గడ్డం పెంచుకున్న ఓ బిచ్చగాడు పోతున్నాడు, వాళ్ల పనిలో వాళ్లున్నారు. మిషెల్ సిమోన్ అనే నటుడు నగరంలో మాయమైపోతాడు. వెతికి పట్టుకోవాల్సింది మనం, లెస్తాంగ్వా కలిసి. 1932 నాటికి ఫ్రాన్సులో మాటల సినిమా పుట్టి నాలుగేళ్లు కూడా కాలేదు. మైకుకి భయపడి కెమెరాలు స్టూడియో గోడల మధ్య బిగుసుకున్న రోజులు. ఆ రోజుల్లో ఇంత గాలి ఆడే దృశ్యం ఎక్కడోగాని దొరకదు.

దూకాక వచ్చే జనం ఇంకా బాగుంటారు. వంతెన మీద గుమిగూడి, రెయిలింగు మీదికి వంగి, ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూసేవాళ్లలో చాలామంది షూటింగు చూడటానికి ఆగిన మనుషులేనని చూస్తేనే తెలిసిపోతుంది. రెన్వార్ వాళ్లని తరిమేయలేదు. వాళ్ల కుతూహలాన్నే కథలోని జనం కుతూహలంగా వాడేసుకున్నాడు. నదిలో పడ్డవాణ్ణి చూడటానికైనా, సినిమావాళ్లని చూడటానికైనా మనిషి మెడ సాచే తీరు ఒకటే కదా! తడిసిన మనిషిని కొట్టులోకి మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెడితే ఆ జనమూ గుమ్మంలోంచి తోసుకొస్తారు. ఇరుగుపొరుగు అప్పుడే లెస్తాంగ్వాకి పతకం ఇప్పించాలని మాట్లాడుకోవడం మొదలుపెడతారు. రక్షింపబడినవాడు ఇంకా కళ్లు తెరవలేదు.

ఇక ఆ ఇల్లు. సెట్‌లో కట్టిన ఇల్లే, కానీ కొలతలు మనకు ఒంటపట్టేంత నిజంగా ఉంటుంది. కింద కొట్టు, లోపల్నించే పైకి మెట్లు, పైన పొడవాటి నడవా, నడవా పొడుగునా గదులు, వెనక పెరటి వసారా లాంటి ఆవరణ, ఆవరణకి అవతల ఇరుగింటి కిటికీలు. సినిమా సగమయ్యేసరికి ఏ తలుపు ఎక్కడికి తీస్తుందో మనకూ తెలిసిపోతుంది. ఇది హాస్యానికి ప్రాణం. అయ్యగారు రాత్రివేళ ఏ గదిలోంచి ఏ గదికి పిల్లిలా వెళ్లాలనుకుంటున్నాడో తెలిస్తే తప్ప, మధ్యలో నడవాకి అడ్డంగా పడుకుని గుర్రుపెడుతున్న బూడూ ఎంత పెద్ద అడ్డంకో అర్థం కాదు. బూడూ మంచం వద్దని నేల మీద పడుకున్నాడు, అంతే. ఎవరికీ అడ్డుపడాలని అతనికి లేదు. ఒక మనిషి నిద్ర ఇంకో మనిషి జారుడుతనానికి గొళ్లెం వేసింది.

ఒక షాట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కెమెరా ఒక గదిలో నిలబడి, నడవా గుండా, చాలా లోతుగా, భోజనాల గదిని చూస్తుంటుంది. బూడూ, లెస్తాంగ్వా దంపతులు బల్ల దగ్గర చిన్నగా, దూరంగా. పనమ్మాయి వడ్డించి వెళుతుంది. కెమెరా కూడా ఆ గదిలోనే పక్కకి జరిగి, ఇంకో సందులోంచి ఆవరణకి అవతల వంటింటి కిటికీని పట్టుకుంటుంది. అక్కడ ఆన్-మరీ కనిపిస్తుంది, కిటికీలోంచి పొరుగింటివాళ్లతో మాట కలుపుతుంది. కోత లేదు. యజమానుల భోజనం, పనమ్మాయి వంటిల్లు, పొరుగింటి చెవులు ఒకే ఊపిరిలో వచ్చేశాయి. ఒక ఇంట్లో ఒకేసారి ఎన్ని బతుకులు నడుస్తాయో మాట లేకుండా చెప్పేశాడు. పదునైన లోతు, ఎడతెగని షాట్ అని విమర్శకులు తర్వాత పెద్దపెద్ద పేర్లతో పొగిడిన పద్ధతి ఇదే. విమర్శకుడు ఆంద్రే బజాఁ రెన్వార్‌ని నెత్తిన పెట్టుకున్నది ఇలాంటి వాటికోసమే. హాలీవుడ్‌లో ‘సిటిజన్ కేన్’ రావడానికి అప్పటికి ఇంకా తొమ్మిదేళ్లుంది.

ఈ దూరం బూడూకి కూడా మేలు చేసింది. సిమోన్ ఒళ్లు పూర్తిగా కనిపించకపోతే ఆ నటనలో సగం పోతుంది. ఆయన బల్ల మీద కూర్చుంటాడు, బల్ల ఎక్కి పడుకుంటాడు. తినే పళ్లెం ఒకచోట, నోరు ఒకచోట, సార్డీన్ చేపలు వేళ్లతో. చేత్తో తినడం మనకి తప్పు కాదు గనక ఎమ్మా ముఖంలోని జుగుప్స మనకి రెట్టింపు నవ్వు. అరువు బట్టల్లో అతను నడుస్తుంటే అవి అతన్ని తొడుక్కున్నట్టుంటాయి. దగ్గరి షాట్లలో ముక్కలు ముక్కలుగా చూపిస్తే ఇది ముఖకవళికల ప్రదర్శన అయ్యేది. వస్తువుల మధ్య నిలువెత్తున చూపించడం వల్ల ప్రతి వస్తువూ ఒక ప్రశ్నలా కనిపిస్తుంది: దీన్ని ఇలాగే ఎందుకు వాడాలి?

బూట్లకి పాలిష్ పెట్టే ఘట్టం ఈ ప్రశ్నని చివరిదాకా లాగుతుంది. బూడూకి బూట్లు మెరిపించుకోవాలనే బుద్ధి పుడుతుంది. వంటింట్లోకి వెళతాడు, అవీ ఇవీ కెలుకుతాడు, చేతులకి నలుపు. తుడుచుకోవడానికి ఏదో ఒకటి కావాలి. పడగ్గదిలో ఎమ్మాగారి పట్టు దుప్పటి ఉంది. దుప్పటి గుడ్డే కదా! తుడిచేస్తాడు. వంటింట్లో కుళాయి కట్టేయడం మరిచిపోతాడు, నేలంతా నీళ్లు. గమనించాల్సింది ఏమిటంటే అతను ఒక్క క్షణం కూడా అల్లరి చేస్తున్నానని అనుకోడు. చాలా శ్రద్ధగా, ఒక మంచి పని చేస్తున్నాడు. హాస్యనటులు ఇలాంటిచోట మనవైపు ఒక చూపు విసురుతారు, ‘నా కొంటెతనం చూశారా’ అన్నట్టు. సిమోన్ విసరడు. రెన్వార్ కూడా పగిలిన ప్రతిదాని దగ్గరికీ కెమెరాని పంపడు. మనిషి వెళ్లిపోయాక మిగిలిన బీభత్సం మీద కాసేపు ఉంటాడు, అంతే. శుభ్రం చేయాల్సింది ఆన్-మరీ అన్న సంగతి మాత్రం సినిమా మరిచిపోదు.

శబ్దం కూడా ఇంట్లో ఓ మనిషిలాగే తిరుగుతుంది. రెన్వార్‌కి అక్కడికక్కడే రికార్డు చేసిన ధ్వని అంటే పట్టుదల. మొదటి మాటల సినిమా ‘ఓఁ పుర్జ్ బేబే’లో మరుగుదొడ్డిలో నీళ్లు వదిలిన చప్పుడుని నిజంగానే పట్టుకుని వినిపించాడు. అప్పటి ప్రేక్షకులకి అదో వింత. ‘బూడూ’లో ఇరుగింటి ఫ్లూటు ఆవరణ దాటి వస్తుంటుంది, వంటింటి గిన్నెలు మోగుతుంటాయి, కొట్టు ముందు వీధి రొద ఉంటుంది. కొన్నిచోట్ల మాట సరిగా వినపడదు, నిజమే. ఇప్పటి చెవులకి ఆ గరగర కొంచెం ఇబ్బంది. అయినా ఆ ఇంటి గాలి ఆ గరగరలోనే ఉంది, తుడిచేస్తే పోతుంది.

లెస్తాంగ్వాని రెన్వార్ చూసిన తీరుని మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. దానం చేసే డబ్బున్నవాణ్ణి ఎగతాళి చేయడం తేలిక పని. ఇక్కడ ఆ దారి పట్టలేదు. ఆ వేషం వేసిన షార్ల్ గ్రాంవాల్ కొమెదీ ఫ్రాన్సేజ్ నాటకశాల గడప తొక్కిన నటుడు, మాటకి ఓ మెత్తదనం ఉంది. ఆయన లెస్తాంగ్వా నిజంగానే మంచివాడు. కొట్టుకొచ్చిన పేద విద్యార్థి చేతిలో వోల్తేర్ పుస్తకాలు ఊరికే పెట్టి పంపుతాడు. ఆ విద్యార్థి జాఁ దాస్తే. రెండేళ్ల తర్వాత వచ్చిన జాఁ విగో ‘లాతలాంత్’లో ఇదే దాస్తే, ఇదే సిమోన్ ఒక పడవ మీద కలుస్తారు. లెస్తాంగ్వా మరో ఆలోచన లేకుండా నదిలో దూకాడు, అందులో నటన లేదు. కానీ తన మంచితనం తనకే ముచ్చటగా అనిపించే మనిషి. ఇంట్లో ఎవరూ వాయించని పియానో ఒకటుంటుంది, పరువైన ఇంట్లో పియానో ఉండాలి కాబట్టి ఉంది. పతకం కూడా అలాంటిదే. ఆ మనిషి సహనానికి హద్దు ఎక్కడో తెలిసేది బూడూ బాల్జాక్ పుస్తకంలో ఉమ్మేసినప్పుడు. అది ఊరికే ఏదో పుస్తకం కాదు, ‘వివాహ శరీరశాస్త్రం’. భార్య మంచం దుప్పటి నాశనమైనా, నడవాలో దారి మూసుకుపోయినా ఓర్చుకున్నవాడికి అక్కడ నిప్పు అంటుకుంటుంది. నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. అలాంటి మనిషిని మనం ఎరగమా?

సినిమాలో నాకు మింగుడుపడని చోటు ఒకటుంది. బూడూ జుట్టు కత్తిరించుకుని, గడ్డం దువ్వించుకుని వచ్చి ఎమ్మా మీద పడతాడు. ఆవిడ ముందు పెనుగులాడుతుంది, తర్వాత గదిలోంచి చిరునవ్వుతో వస్తుంది. బలవంతం చేస్తే ఆడది కరుగుతుందనే పాత నాటకాల చేతకానితనం ఇది, రెన్వార్ కూడా దాటలేకపోయాడు. మార్సెల్ హైనియా వేసిన ఎమ్మాని అప్పటిదాకా గయ్యాళిగానే చూపిస్తూ వచ్చిన సినిమా, ఆవిడకి లోపల ఏముందో అడగడానికి ఇంకో మంచి దారి వెతకాల్సింది. అయితే ఆ ఘట్టాన్ని మూసిన తీరులో ఒక కొంటె చెయ్యి కనిపిస్తుంది. కెమెరా వాళ్లిద్దర్నీ వదిలి గోడ మీది పటానికి వెళుతుంది. పటంలో ఓ సైనికుడు బాకా ఊదుతున్నాడు. బాకా మోత వినపడుతుంది! బొమ్మ ఊదిందా అనుకునే లోపు తెలుస్తుంది, అది వీధిలోంచి. లెస్తాంగ్వాకి ప్రాణరక్షణ పతకం ఇవ్వడానికి బ్యాండు మేళంతో ఊరేగింపు వస్తోంది. తన ఇంట్లో జరుగుతున్నదేమిటో తెలియని ఇంటాయన కింద సత్కారం అందుకుంటాడు. మేడ మీద జరిగినదానికి వీధిలో సన్మానం చేసినట్టయింది. తర్వాత తలుపులు తెరుచుకుని రెండు జంటలూ ఒకరికొకరు దొరికిపోవడం మామూలు ప్రహసనమే. బాకా మాత్రం మామూలుది కాదు.

పెళ్లయ్యాక సినిమా ఇంటిని వదిలేసి నది మీదికి వస్తుంది. అక్కడ ఫ్రేము కూడా మారిపోతుంది. ఇంతసేపూ తలుపులు, నడవాలు, కిటికీ చట్రాలు. ఇప్పుడు మార్న్ నీళ్లు, చెట్లు, ఎండ. ఒడ్డున మేళగాళ్లు యోహాన్ స్ట్రౌస్ ‘బ్లూ డాన్యూబ్’ వాయిస్తుంటారు. టోపీ, సూటు వేసుకుని పెళ్లికొడుకుగా పడవలో కూర్చున్న బూడూ నీటిలో పువ్వు కోయబోతాడు. పడవ ఒరిగి అందరూ నీళ్లలో. పెళ్లివారంతా గందరగోళంగా ఒడ్డుకి ఈదుతారు. బూడూ మాత్రం వెల్లకిలా తేలిపోతాడు. సేన్‌లో చావడానికి దూకినవాడికి మార్న్‌లో చావు గుర్తుకైనా రాదు. ఒడ్డున చేలో ఓ దిష్టిబొమ్మ ఉంది. తన పెళ్లిబట్టలు దానికిచ్చి దాని గుడ్డలు తను వేసుకుంటాడు. ఎవరినో రొట్టె అడుక్కుంటాడు, మేకతో పంచుకుంటాడు. అప్పుడు కెమెరా అతన్ని వదిలి నది వైపు, పొలాల వైపు, ఆకాశం వైపు దాదాపు చుట్టూ తిరుగుతుంది. కథకి ఆ తిరుగుడు అవసరం లేదు. వార్త ఏదీ మోసుకురాదు. ఆ గడ్డి మీద పడ్డ మనిషికి ఇప్పుడు ఎటు చూడాలనిపిస్తే అటు చూసే స్వేచ్ఛ వచ్చింది. కెమెరాకీ వచ్చింది. ఇలాంటి షాట్‌ని స్క్రిప్టులో రాయలేరు. లొకేషన్‌లో ఆ రోజు వెలుతురు చూసి మనసుపడితేనే వస్తుంది.

చిత్రకారుడు ఒగుస్త్ రెన్వార్ కొడుకు కాబట్టి నీటిని ఇలా చూశాడని చాలామంది రాస్తారు. అది తేలికైన మాట. తండ్రి బొమ్మల్లో నీరు మెరుస్తుంది. కొడుకు సినిమాల్లో నీరు పని చేస్తుంది, మనుషుల్ని ఒకచోటు నుంచి ఇంకోచోటికి మోసుకుపోతుంది. 1936లో లువాఁ నది మీద తీసిన ‘పార్తీ ద కాంపాన్’ కానీ, బెంగాల్ వచ్చి హుగ్లీ తీరంలో తీసి 1951లో విడుదల చేసిన ‘ది రివర్’ కానీ చూసినవాళ్లకి ఇది తెలుసు. కలకత్తాలో రెన్వార్ లొకేషన్లు వెతుకుతూ తిరిగిన రోజుల్లో ఆయన వెంట తిరిగిన కుర్రాళ్లలో సత్యజిత్ రే ఒకడు. రే తర్వాత చెట్లనీ నీళ్లనీ వర్షాన్నీ ఎలా చూపించాడో మనకి తెలిసిందే.

ఒడ్డున మిగిలినవాళ్లని రెన్వార్ మరిచిపోలేదు. లెస్తాంగ్వా తడిబట్టలతో గడ్డి మీద కూర్చుని ఉంటాడు. ఒక పక్క ఎమ్మా, ఒక పక్క ఆన్-మరీ. పెళ్లికొడుకు పోయాడు. ఏడవాలో నవ్వాలో తెలియని ఆ ముగ్గురి మీద సినిమాకి కోపం లేదు. ఇల్లు మళ్లీ ఎప్పటిలాగే అవుతుందేమో, కాకపోవచ్చు కూడా.

ఈ ముగింపు చూసి ఫోష్వాకి మండిపోయింది. తన నాటకాన్ని తలకిందులు చేశారని, తన పేరు తీసేయించాలని పట్టుబట్టాడు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చూసి మనసు మార్చుకుని మెచ్చుకున్నాడు. అమెరికాలో ఈ సినిమా విడుదలకి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి పొడుగు జుట్టు కుర్రాళ్లు ఇల్లొదిలి రోడ్డెక్కుతున్న కాలం, బూడూ వాళ్లకి తమవాడిలా కనిపించాడంటే వింతేముంది! 1986లో పాల్ మజుర్‌స్కీ దీన్నే ‘డౌన్ అండ్ అవుట్ ఇన్ బెవర్లీ హిల్స్’ పేరుతో తీశాడు. నదికి బదులు ఈతకొలను, పుస్తకాల కొట్టుకి బదులు బట్టల హ్యాంగర్ల వ్యాపారి. నిక్ నోల్టీ, రిచర్డ్ డ్రైఫస్, బెట్ మిడ్లర్ బాగానే నవ్విస్తారు. కానీ చివర్లో దేశదిమ్మరి గేటు దాటి వెళ్లినట్టే వెళ్లి, మనసు మార్చుకుని మళ్లీ ఇంట్లోకి వచ్చేస్తాడు. 1932 నాటి ఫోష్వా అయితే ఆ సినిమా మీద తన పేరు ఇంకాస్త పెద్ద అక్షరాల్లో వేయమనేవాడు.